చెలమలో ఎద్దు

తెల్లవారకముందే మొదలుపెట్టిన పని ఇంకా తెమలలేదు. పొయ్యి బూడిదలో చింతపండు పిప్పి కలిపి, తిమ్మప్ప చేతులు రుద్దుకుంటూనే ఉన్నాడు. గోళ్ళ సందులు, వేళ్ళ గణుపులు, అరచేతి గీతలు, మణికట్టు, మళ్ళీ గోళ్ళ సందులు. ఊహ తెలిసినప్పటినుంచీ సున్నపు తొట్టిలోనూ తంగేడు చెక్క నీళ్ళలోనూ నానిన చేతులవి. గోళ్ళు పసుపు తిరిగి, కొసలు లోపలికి వంగి ఉన్నాయి. బొటనవేలి మీద చర్మం మడమ పగిలినట్టు పగిలింది. ఆ పగుళ్ళలో పులుపు పడి మండుతుంటే పండ్ల మధ్యనుంచి గాలి పీల్చుకుంటూ రుద్దుతున్నాడు.

"ఇంగ సాల్లేయ్యా, ఊడొస్తాది" అంది ఉచ్చీరమ్మ, గుడిసె ముందు ఊడుస్తూ. "గొడ్డు తోలు ఒలిసి ఒలిసి, ఇప్పుడు నీ తోలు ఒలుసుకుంటాండావు."

"వాసనొస్తాదేమో సూడుమే."

ఉచ్చీరమ్మ పొరక కింద పెట్టి వచ్చి, వంగి, చేతులు కాదు, మొగుడి మొహం వాసన చూసింది. "బూడిద వాసనొస్తాంది. పొయ్యిలో నుంచి లేసొచ్చిన పిల్లి మాదిరి ఉండావు. పో, మీ దేవుడు మెచ్చుకుంటాడు."

ఎందుకింత రుద్దుడంటే, ఆదివారం నాడు మిషను వాళ్ళ రేకుల గుడి వాకిట్లో, పాస్టరు లేనినాళ్ళు ప్రార్థన నడిపే ఉపదేశి జ్ఞానప్రకాశం నిలబడతాడు. లోపలికి వచ్చే ప్రతి ఒక్కరి చేతులూ వాసన చూసి పంపుతాడు. తోళ్ళ వాసన వస్తే వెనక్కి. కల్లు వాసన వస్తే వెనక్కి. ఆ ముక్కు దేవుడిచ్చిన ముక్కు కాదు, మిషను ఇచ్చిన ముక్కు. జ్ఞానప్రకాశం తండ్రి ఇదే గేరిలో ఇవే తోళ్ళు ఊని పదును చేసినవాడు. కొడుక్కి నాలుగు తరగతుల చదువూ ఒక తెల్లకోటూ దొరికేసరికి పుట్టిన ఇంటి వాసన గిట్టకుండా పోయింది. కోటు ఉతుక్కోవచ్చు. ముక్కును ఏం చేసి ఉతుకుతారు?

ఆదోని ఊరు దాటి ఎమ్మిగనూరు దోవ పట్టుకున్నాక, వంక ఒడ్డున ఉంటుంది మాదిగగేరి. గేరి సగానికి పైగా కిరస్తానీ పుచ్చుకున్నది. తిమ్మప్పకు బాప్తిస్మం నాడు తిమోతి అని పేరు పెట్టారు. తిమ్మప్పకు దగ్గరగా ఉంటుందని పాస్టరుగారి ఉపాయం. ఆ పేరుతో గేరిలో ఎవడూ ఒక్కనాడూ పిలవలేదు. ఉచ్చీరమ్మ అసలు బాప్తిస్మం పుచ్చుకోనే లేదు. "పేరు మార్సుకుంటే పొయ్యి వెలుగుతాదా?" అని అడిగింది. ఉపదేశి ఆమెను మూర్ఖురాలి కింద జమకట్టి వదిలేశాడు.

కపిలె బావులకు నీళ్ళు తోడే తోలు బానలు కుట్టడం తిమ్మప్ప పని. కుట్టు మీద చెయ్యి పెడితే చుక్క నీరు కారదు. మిషను వాళ్ళ చట్టం ప్రకారం కిరస్తానీ అయినవాడు చచ్చిన గొడ్డును ముట్టరాదు, మోయరాదు, ఒలవరాదు, తినరాదు. కానీ పాస్టరుగారి సంచి తోలుదే. ఉపదేశి బైబిలుకు అట్ట తోలుదే, అది కుట్టింది తిమ్మప్పే. సంఘపెద్ద దేవదానం కిర్రు కిర్రుమనిపించుకుంటూ గుడికి వచ్చే చెప్పులూ తిమ్మప్ప చేతివే. తోలు వేసుకుంటే పరిశుద్ధుడు, తోలు ఒలిస్తే అపవిత్రుడు! బతికున్న గొడ్డు తన తోలు తానే విప్పి మడిచి ఇస్తుందనుకున్నారేమో ఈ మహానుభావులు.

రెండేండ్ల కింద వాన మొహం చాటేసిన ఏడు, రెడ్డిగారి బర్రె చస్తే తిమ్మప్ప ఒలిచాడు. ఉచ్చీరమ్మ వండింది. తిన్నారు. వాసన పసిగట్టి దేవదానమే ఉపదేశికి చెప్పాడు. తిమ్మప్పను ప్రభువు బల్ల నుంచి వెలివేశారు. పాస్టరుగారు నాలుగు నెలలకో ఐదు నెలలకో ఒకసారి వచ్చి, రొట్టె విరిచి, ద్రాక్షరసం ఇచ్చి పోతాడు. అప్పుడు తిమ్మప్ప వెనక వరసలో తల వంచుకొని కూర్చునేవాడు. కిందటిసారి పాస్టరుగారు దయ తలిచాడు. "వచ్చే తూరి దాకా చచ్చిన గొడ్డు జోలికి పోకుంటే బల్ల దగ్గరికి తీసుకుంటాం" అన్నాడు.

తిమ్మప్ప పోలేదు. పచ్చి తోలు లేదు, కొత్త బాన లేదు. పాత బానలకు మాట్లు వేశాడు, తెగిన వార్లు అతికాడు. జొన్నంబలి పలచబడింది, ఆ తర్వాత ఇంకా పలచబడింది. "ప్రభువు సూసుకుంటాడు లేమే" అన్నాడు. ఆ మాట అతని నోట్లో వక్కముక్కలాగా ఎప్పుడూ నానుతూ ఉండేది. వాన రాకపోతే ప్రభువు చూసుకుంటాడు. కూతురు సుగుణమ్మకు గత్తర తగిలితే ప్రభువు చూసుకుంటాడు. చూసుకోలేదు. వాంతులూ భేదులతో పిల్ల ఒక్క రాత్రిలో పోయింది, మిషను సమాధుల దొడ్డిలో కానుగచెట్టు పక్కన పూడ్చారు. అయినా నోట్లోని వక్కముక్కను తిమ్మప్ప ఉమ్మెయ్యలేదు.

ఇప్పుడు తనకే దగ్గు పట్టింది. ఉమ్మిలో ఎరుపు కనబడుతోంది. గుడ్డతో తుడిచి దాస్తాడు గానీ ఉచ్చీరమ్మకు తెలుసు, ఆమెకు తెలుసని అతనికీ తెలుసు. బల్ల నుంచి వెలి అయినవాడికి సమాధుల దొడ్డిలో చోటు లేదు. అదీ సంగతి. తిమ్మప్ప ఈ పొద్దు అంత కసిగా చేతులు రుద్దుకునేది రొట్టెముక్క కోసమే, కాదనను. కానీ ఆ రొట్టెముక్క అవతల కానుగచెట్టు ఉంది, దాని పక్కన పిల్ల ఉంది.

"మట్టి యాడైనా మట్టేనయ్యా" అనేది ఉచ్చీరమ్మ.

"బిడ్డ ఒక్కతే ఉందిమే ఆడ" అనేవాడు తిమ్మప్ప. అంతకంటే వాదం తెలియదు మనిషికి.

ఉతికిన పంచె కట్టుకున్నాడు. మొదటి గంట కొట్టారు. గుడి వైపు నాలుగడుగులు వేశాడో లేదో, వంక వైపు నుంచి ఆడవాళ్ళ కేకలు.

"సెలమలో ఎద్దు పడిందప్పో! సెలమలో ఎద్దు సచ్చిందప్పో!"

వేసవిలో వంక ఎండిపోతుంది. ఇసకలో గుంత తవ్వితే ఊరే నీళ్ళే గేరికి ఆధారం. ఆ గుంతే చెలమ. వంక పొడుగునా తవ్వి చూశారు. మిగతా అన్ని చోట్లా రాయి తగులుతుంది, లేకుంటే ఉప్పునీళ్ళు. తీపి నీళ్ళు ఊరేది ఆ ఒక్క చోటే. ఊళ్ళో బావులున్నాయి, మెట్లున్న బావులు, గిలకలున్న బావులు. వాటిలో దేవుళ్ళు స్నానం చేస్తారు గానీ గేరివాళ్ళు కడవ ముంచకూడదు.

ఎద్దు ఖాసిం సాబ్‌ది. ఎమ్మిగనూరు నుంచి ఆదోని జిన్నింగు మిల్లుకు పత్తి బోరాలు తోలుకొస్తున్న బాడుగ బండివాడు. ముసలి ఎద్దు, రాత్రంతా నడక. తెల్లారుజామున అలుపు తీర్చుకోనీ అని కాడి విప్పితే, నీళ్ళ వాసనకు వంకలోకి పరుగెత్తి, చెలమలో తల పెట్టి, ముందుకాళ్ళు మడిచి అట్లాగే ప్రాణం విడిచింది. తల నీళ్ళలో, ఒళ్ళు ఒడ్డు మీద. కడుపు అప్పుడే ఉబ్బుతోంది. మూతి నుంచి నురగ నీళ్ళలో కలిసింది. ఖాసిం సాబ్ పక్కన గొంతుక్కూర్చుని, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకొని, దాని వీపు నిమురుతున్నాడు.

గేరి మొత్తం ఒడ్డున చేరింది. ఆడవాళ్ళ చంకల్లో ఖాళీ కడవలు. మొగవాళ్ళంతా మల్లెపువ్వుల్లాంటి పంచెల్లో ఉన్నారు. బల్ల ఉన్న ఆదివారం గదా! చేతులు వెనక్కి కట్టుకున్నారు, ఎక్కడ గాలికి ఎద్దు తగులుతుందోనని.

"ఎండ ముదిరితే నీళ్ళు పురుగు పడతాయి" అంది ఎవరో ముసలమ్మ. "లాగండప్పా యెవరన్నా."

ఎవరూ కదల్లేదు. సంఘపెద్ద దేవదానం గొంతు సవరించుకున్నాడు. మనవడికి ఈ పొద్దు బాప్తిస్మం. కొత్త ఉత్తరీయం వేసుకున్నాడు. "ఈ పొద్దు ముడితే బల్ల పోతాది. రేపు సోమారం సూద్దాం" అన్నాడు.

"రేపటిదాకా పిల్లోల్లు ఏం తాగల్ల? నీ ఉత్తరీయం పిండుకొని తాగల్లనా?" అంది ఉచ్చీరమ్మ.

ఉపదేశి జ్ఞానప్రకాశం అప్పటికి వచ్చాడు. ముక్కుకు చేతిగుడ్డ అడ్డం పెట్టుకొని, వంకలోకి దిగకుండా గట్టు మీదనే నిలబడ్డాడు. "సహోదరులారా, ఇది విశ్వాస పరీక్ష. భారం ప్రభువు మీద వెయ్యండి. ఆయన చూసుకుంటాడు" అన్నాడు. ఇంట్లో నాలుగు కడవల నీళ్ళు నింపుకొని ఉన్నవాడి విశ్వాసం అట్లాగే ఉంటుంది, చల్లగా, మూత పెట్టి.

దేవదానం కళ్ళు గుంపంతా తిరిగి తిరిగి తిమ్మప్ప మీద ఆగాయి. ఆ చూపు వెంట అందరి చూపులూ వచ్చాయి.

"తిమ్మప్పా, నువ్వు ఎట్లాగూ బల్లకు బయటోనివే గదప్పా" అన్నాడు దేవదానం, తేనె పూసి. "నీకు పొయ్యేదేముంది?"

"ఈ పొద్దు లోపలికి వస్తాండా గదన్నా."

"నీకు పనితనం ఉండాది. మాకు అలవాటు తప్పినాది."

అలవాటు తప్పిందట! ఆ అలవాటు తిని పెరిగిన ఒళ్ళే అదంతా.

తిమ్మప్ప ఎద్దును చూశాడు. కడవలను చూశాడు. ఒక పిల్ల తడి ఇసక పిడికిట్లో పట్టి పిండి, కారే చుక్కకు నాలుక చాపింది. గుడి వైపు చూశాడు. రేకుల మీద ఎండ తళతళమంటోంది. రెండో గంట కొట్టారు. అంతసేపటిలో ఆ మనిషి లోపల ఏం జరిగిందో పెద్దలకు పట్టలేదు. ఉచ్చీరమ్మకు మాత్రం తెలిసింది. తెలిసి, మొదటిసారి భయపడింది.

"వద్దయ్యా" అంది మెల్లగా. "ఇన్నినాళ్ళు ఓర్సుకొని ఉంటివి. వీండ్లే లాగనీ. దప్పికైతే వాండ్లే లాగుతారు."

"పిల్లోల్లు ముందు దప్పికవుతారు గదమే."

"బిడ్డ పక్కన సోటు పోతాది."

తిమ్మప్ప చొక్కా విప్పి ఆమె చేతికిచ్చాడు. "ప్రభువు సూసుకుంటాడు లే. ఆయప్పకూ ముక్కుంది గానీ, వీండ్లంత ముక్కు గాదు."

ఎవరో నవ్వబోయి, ఉపదేశిని చూసి ఆపుకున్నారు. మూడో గంటకు గుంపు ఒడ్డు వదిలి గుడికి నడిచింది, పంచెల అంచులు ఇసక తగలకుండా ఎత్తి పట్టుకొని. మిగిలింది తిమ్మప్ప, ఖాసిం సాబ్, ఉచ్చీరమ్మ, కడవలతో కొందరు ఆడవాళ్ళు.

రెండో ఎద్దును కట్టి లాగిద్దామన్నాడు ఖాసిం సాబ్. అది జతగాడి దగ్గరికి వచ్చి, మూతి పెట్టి చూసి, నాలుగు కాళ్ళూ ఇసకలో పాతేసింది. ఎంత అదిలించినా కదల్లేదు. ఇక మనుషులే లాగాలి. తిమ్మప్ప బండి మోకును వెనకకాళ్ళకు వేశాడు. తానే నీళ్ళలోకి దిగి, ఎద్దు మెడ కింద భుజం పెట్టి తల పైకెత్తాడు. అవతల ఖాసిం సాబ్, ఉచ్చీరమ్మ మోకు పట్టి వెనక్కి వాలారు. ఇంత జరిగింది, మళ్ళీ ఇంత. ప్రతి గుంజుకూ తిమ్మప్ప గొంతులో నుంచి ఈల లాంటి కూత. ఒడ్డు మీదికి వచ్చాక మోకాళ్ళ మీద కూలబడి దగ్గాడు. ఉమ్మిన చోట కాలితో ఇసక కప్పాడు.

"బస్, ఇంగ సాలు తిమ్మన్నా" అన్నాడు ఖాసిం సాబ్. "ఆడ పారేస్తే కుక్కలు సూసుకుంటాయి. నీకు జర పానం బాగలేదు."

"తోలు?"

"అది నీ హక్కు గద, లాగినోనిది."

"నాకొద్దు సాబ్. మీకు ఎద్దు పాయె. తోలన్నా అమ్ముకోండి, సిపాయిల బూట్లకని యుద్ధం పుణ్యాన రేటుంది." అని, ఉచ్చీరమ్మను చూసి, "ఎట్లాగూ ముడితి. కత్తి తెచ్చిపెట్టుమే" అన్నాడు.

ఆ తర్వాత అతని చేతులను చూడాలి. నెలల తరబడి పాత వార్లు అతుక్కుంటూ చచ్చిపడి ఉన్న చేతులకు ప్రాణం వచ్చింది. గొంతు కింద మొదలుపెట్టి పొట్ట మధ్యగా ఒక్క గీత. పిడికిలి లోపలికి దూర్చి, తోలుకూ కండకూ మధ్య ఉన్న తెల్లటి పొరను నెడుతుంటే దుప్పటి మీద నుంచి దుప్పటి తీసినట్టు వచ్చింది. ఎక్కడా గంటు పడలేదు. చేస్తున్నంతసేపూ దగ్గు రాలేదు. గుడిలో పాట మొదలైంది. తిమ్మప్ప కూడా ఆ పాటే మెల్లగా ముక్కుతో పాడుతూ, మోచేతుల దాకా నెత్తురుతో, ఒలిచాడు. ఇంత కంటే పరిశుద్ధమైన పాట ఆ పొద్దు ఆదోనిలో ఎవడూ పాడలేదని నేను పందెం కడతాను.

మధ్యలో కబురు తెలిసి మిల్లు గుమాస్తా కృష్ణమూర్తి గుర్రబ్బండి మీద వచ్చాడు. ఇంకో ఎడ్లబండి వెంట తెచ్చాడు. బోరాలు అందులోకి ఎక్కించాడు. తడి తగిలిందా అని పత్తి తడిమి చూశాడు. ఎద్దును చూడలేదు, ఖాసిం సాబ్‌ను చూడలేదు. "బాడుగ సంగతి?" అని సాబ్ నోరు తెరవబోతే, "సరుకు మిల్లుకు చేరేది ఇంకో బండిలో గదయ్యా! పైనున్నాడు సాబ్, ఆయనే చూసుకుంటాడు" అని వేలు ఆకాశానికి చూపి వెళ్ళిపోయాడు. ఆ రోజు దేవుడి మీద అందరూ వేసినంత బరువు ఏ ఎద్దు మీదా ఎవడూ వెయ్యలేదు.

కళేబరాన్ని దూరం లాక్కుపోయి గోతిలో వేశారు. తిమ్మప్ప చెలమలోని నీళ్ళన్నీ తోడి పారబోశాడు. నురగ పట్టిన ఇసకంతా చేతులతో ఎత్తిపోశాడు. నడుము దాకా దిగి, ఇంకా లోతుకు తవ్వాడు. ముందు బురద ఊరింది. అదీ తోడాడు. తర్వాత తెల్లగా, పిల్ల కంట్లో నీళ్ళు తిరిగినట్టు, నీళ్ళు తిరిగాయి. ఆడవాళ్ళు కడవలతో ముందుకొచ్చారు. గుడిలో నుంచి దేవదానం కోడలు చంకలో పిల్లవాడితో పరుగెత్తుకొచ్చింది.

"అక్కా, తొలి కడవ నాకియ్యి. గుడిలో బాప్తిస్మానికి నీళ్ళు లేవంట, ఉపదేశయ్య తన కడవలు తియ్యలేదు, పాస్టరుగారు కాసుకొని ఉండారు."

ఉచ్చీరమ్మ నవ్విన నవ్వుకు ఒడ్డున వాలిన కాకులు లేచాయి. "తీసుకపోమ్మా. తీసుకపోయి మీ మామను ముందు వాసన సూడమను."

తిమ్మప్ప ఒళ్ళు కడుక్కున్నాడు. ఇసకతో, బూడిదతో, మళ్ళీ ఇసకతో. చొక్కా వేసుకొని గుడి వాకిలికి వచ్చేసరికి, నీళ్ళు వచ్చేదాకా సాగదీసిన ప్రసంగం ఇంకా నడుస్తోంది. పాస్టరుగారు అనుదిన కష్టాల్లో దేవుణ్ణి ఎట్లా నమ్ముకోవాలో చెబుతున్నాడు. పిట్టల మాట చెప్పాడు. పిట్టలు చింత పెట్టుకోవట. ఆదోని ఎండకు ఎన్ని పిట్టలు కొమ్మ మీది నుంచి రాలి పడతాయో ఆ మాట ఆయన ఎత్తలేదు. ఆయన బస్సులో వచ్చాడు, సాయంత్రం బస్సులో ఎమ్మిగనూరు పోతాడు, అక్కడా ఇవే పిట్టలు ఎగురుతాయి.

జ్ఞానప్రకాశం వాకిట్లో చెయ్యి అడ్డం పెట్టాడు. వాసన కూడా చూడలేదు. "నీకు తెలుసు గదా" అన్నాడు.

"పాస్టరుగారిని ఒక మాట అడగనీ అయ్యా."

ప్రసంగం అయ్యాక పాస్టరుగారు వాకిలి దాకా వచ్చాడు. చెడ్డవాడు కాడు. చెడ్డవాడైతే ఒక తన్ను తన్ని పోయేవాడు, బాధ తొందరగా తీరేది. మెత్తటివాడు. మెత్తటి మాటలతో గొంతు బిగించడం ఆయనకు దేవుడిచ్చిన వరం. జరిగింది విన్నాడు. నిట్టూర్చాడు. తిమ్మప్ప భుజం మీద చెయ్యి వెయ్యబోయి, సగం దూరంలో ఆపి, వెనక్కి తీసుకున్నాడు.

"నీ మంచితనం నాకు అర్థమైంది తిమోతీ. కానీ నియమం నియమమే. నీకు ఒక్కడికి సడలిస్తే రేపు అందరూ అడుగుతారు. వచ్చే తూరి తప్పక తీసుకుంటాను."

"వచ్చే తూరికి నేనుండనయ్యా." ఏడుపు లేదు, బెదిరింపు లేదు. వాన రాదని చెప్పినట్టు చెప్పాడు.

"అట్లా అనకూడదు. దేవుని మీద నమ్మకం ఉంచు."

"ఉంచినా గాబట్టే ఎద్దు దగ్గరికి పోతినయ్యా" అన్నాడు తిమ్మప్ప. "నమ్మకం లేకుంటే నేనూ పంచె ఎత్తిపట్టుకొని ఈడికే వస్తాంటి."

పాస్టరుగారి మొహం ఎర్రబడింది. లోపల వరసల్లో పంచెలు సర్దుకున్న చప్పుడు. ఎవరూ తల తిప్పలేదు. ఉపదేశి తలుపు దగ్గరికి వేశాడు.

గుడి పక్కగోడకు కాస్త నీడ ఉంది. తిమ్మప్ప అక్కడ వీపు ఆనించి కూర్చున్నాడు. ఖాసిం సాబ్ ఒంటరి ఎద్దును వేపచెట్టుకు కట్టి, వచ్చి ఎదురుగా కూర్చుని బీడీ ముట్టించాడు.

"మీ దేవుడు లోపల ఉండాడా అన్నా?" అని అడిగాడు సాబ్.

"ఇంతకుముందు ఉన్నెట్లుండె" అన్నాడు తిమ్మప్ప. "ఇప్పుడు బీడీ వాసనకు ఈడికొచ్చినాడేమో."

ఇద్దరూ నవ్వారు. నవ్వు తిమ్మప్పకు దగ్గు అయింది, దగ్గు చాలాసేపు ఉండి తగ్గింది. లోపల నీళ్ళు చల్లిన చప్పుడు, వెంటనే దేవదానం మనవడి ఏడుపు. "మంచి గొంతుంది పిల్లోనికి" అన్నాడు తిమ్మప్ప. తర్వాత రొట్టె విరిచే మాటలు వినిపించాయి. అవి తిమ్మప్పకు నోటికి వచ్చు. పెదవులు కదిలాయి. అరచెయ్యి ముందుకు చాచి మోకాలి మీద పెట్టుకున్నాడు, వరసలో కూర్చున్నవాడు చాచినట్టే.

గుడి విడిచి జనం బయటికి వచ్చేసరికి చెయ్యి అట్లాగే ఉంది. కళ్ళు సగం మూసి ఉన్నాయి. నిద్రపోతున్నాడనుకొని ఖాసిం సాబ్ ఈగలు తోలుతున్నాడు. ఉచ్చీరమ్మ కడవ దింపి వచ్చి, మొహం మీద చెయ్యి పెట్టి, తీయలేదు.

పాస్టరుగారు దూరం నుంచే ఒక ప్రార్థన చేశాడు, చిన్నది. బస్సు టైమైంది. "సమాధి సంగతి సంఘపెద్దలు చూసుకుంటారు" అని చెప్పి పోయాడు. సంఘపెద్దలు చూసుకున్నారు. వెలి అయినవాడికి దొడ్డిలో చోటు లేదని అక్కడికక్కడే తేల్చారు. దేవదానమే గొంతు సవరించుకొని చెప్పాడు. వంక ఒడ్డున పెట్టుకోమన్నాడు, దయతో.

ఉచ్చీరమ్మ ఏడవలేదు, తిట్టలేదు. ఆమె తిట్టకపోవడం చూసి గేరి జడిసింది. ఖాసిం సాబ్ బండి తెచ్చాడు. కాడికి ఒక పక్క మిగిలిన ఎద్దు, రెండో పక్క ఖాళీ. ఆ ఖాళీలో ఖాసిం సాబ్ తన భుజం పెట్టాడు. ఉచ్చీరమ్మ, ఖాసిం సాబ్ కలిసి తిమ్మప్పను ఎత్తి బండిలో పడుకోబెట్టారు, పత్తి తుక్కు మీద. బండి వంక వైపు తిరగలేదు. గేరి నడుమగా సమాధుల దొడ్డికి నడిచింది.

పెద్దలు పరుగెత్తుకొచ్చేసరికి ఉచ్చీరమ్మ దొడ్డి వాకిలికి అడ్డం వేసిన ముళ్ళకంప తీసి, బండిని లోపలికి తోలించి, కానుగచెట్టు పక్కన మొగుణ్ణి దించింది.

"తియ్! తియ్ బయటికి!" అని అరిచాడు దేవదానం.

ఉచ్చీరమ్మ పక్కకు జరిగి నిలబడింది. "తియ్యప్పా. రా, వచ్చి తియ్. సచ్చిన ఎద్దును ముట్టినోడు, ఒలిసినోడు, సచ్చినాక కడగను గూడా కడగలేదు. గోళ్ళ సందుల్లో నెత్తురుంది, సూడు. ముట్టుకొని బయటికి ఈడ్సు. ఎవురు ముడతారో రాండి."

దేవదానం జ్ఞానప్రకాశాన్ని చూశాడు. జ్ఞానప్రకాశం కంపను చూశాడు. మిగతావాళ్ళు ఒకరి వెనక ఒకరు చేరి, అందరికంటే వెనక నిలబడడానికి తోసుకున్నారు. నోట్లో రొట్టె రుచి ఇంకా ఆరలేదు. ఎవడి చెయ్యీ ముందుకు రాలేదు.

ఖాసిం సాబ్ పారతో మొదలుపెట్టాడు. నేల రాయిలాగా ఉంది. పార మొన వంగింది. అంతసేపూ మామ వెనక నిలబడి ఉన్న దేవదానం కోడలు పిల్లవాణ్ణి అత్త చేతుల్లో పడేసి, ఇంటికి పోయి, గడ్డపార తెచ్చి ఖాసిం సాబ్‌కు ఇచ్చింది. మామ వైపు చూడలేదు. ఆమె వెనక చెలమ దగ్గర కడవలు నింపుకున్న ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు వచ్చి, తవ్విన మట్టి చేటలతో ఎత్తిపోశారు. పొద్దు ఆదోని కొండ వెనక్కి దిగేవేళకు పని అయిపోయింది. పాట లేదు, ప్రార్థన లేదు. ఖాసిం సాబ్ పిడికెడు మట్టి వేసి, తనకు తెలిసిన మాటలేవో తనలో తాను అనుకున్నాడు. ఉచ్చీరమ్మ కాదనలేదు.

"బిడ్డ ఒక్కతే ఉందంటివి గద" అని మట్టికి చెప్పింది. చీర కొంగు దులుపుకొని లేచింది.

బండి ఒక ఎద్దుతో, ఒక మనిషితో, వంకరగా కదిలి పోయింది. చక్రం జారకుండా వాలు నేల మీద అడ్డం పెట్టిన రాయిని తీసుకుపోవడం ఖాసిం సాబ్ మరిచిపోయాడు. పుచ్చకాయంత రాయి. ఒక పక్క చక్రం పట్టా రాసి రాసి నునుపు తేలింది, రెండో పక్క ఇరుసు ఆముదం మరకతో నల్లబడింది. తండ్రిది, కూతురిది, ఆ రెండు మట్టిదిబ్బల నడుమ అట్లాగే పడి ఉంది.